వంటగదిలో దేవుని సన్నిధి - బ్రదర్ లారెన్స్ జీవితం

ప్రతి ఏడాది మన వార్షికోత్సవ సంచికలో మహనీయుల జీవిత చరిత్రలు కొన్ని తప్పకుండా ఉంటాయి. అంబేద్కర్, జ్యోతిరావు ఫూలే, సావిత్రీబాయి, గుర్రం జాషువా, మదర్ థెరిసా. వీరంతా ఏదో ఒక గొప్ప పని సాధించి చరిత్రలో నిలిచినవారు. ఒకరు రాజ్యాంగం రాశారు, ఒకరు బడి పెట్టారు, ఒకరు కావ్యం రాశారు. ఈసారి నేను పరిచయం చేయబోయే మనిషి అటువంటి పని ఏదీ చేయలేదు. ఒక మఠంలో పదిహేనేళ్ళు వంట చేశాడు. కాలు చెడిపోయాక కూర్చుని చెప్పులు కుట్టాడు. ముసలివాడై చనిపోయాడు. తన పేరుతో ఒక్క పుస్తకం కూడా అచ్చు వేయించుకోలేదు. అయినా ఆయన పోయి మూడు వందల ముప్పై ఏళ్ళు దాటినా ప్రపంచమంతటా క్రైస్తవులు, క్రైస్తవులు కానివారు కూడా, ఆయన గురించి చదువుతూనే ఉన్నారు. ఆయనే బ్రదర్ లారెన్స్.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మన హాస్టల్లో అన్ని మతాల పిల్లలూ ఉన్నారు. ఇది ఒక క్రైస్తవ భక్తుని కథ. ఇందులో దేవుడు, ప్రార్థన అనే మాటలు తరచుగా వస్తాయి. అవి లేకుండా ఈయన కథ చెప్పడం కుదరదు. నమ్మేవారు నమ్మి చదవండి, మిగతావారు ఒక మనిషి బతుకుగా చదవండి.

ఆయన అసలు పేరు నికోలాస్ హెర్మన్. 1614 ప్రాంతంలో లొరేన్ అనే రాజ్యంలో, లూనెవిల్ పట్టణానికి దగ్గరలో ఉన్న ఎరిమెనిల్ అనే చిన్న పల్లెలో జన్మించాడు. ఇప్పుడు ఆ ప్రాంతం ఫ్రాన్సు తూర్పు భాగంలో ఉంది. ఆనాడు అది ఒక డ్యూకు పాలనలో ఉన్న వేరే రాజ్యం. తల్లిదండ్రులు సామాన్యులు, దైవభక్తి గలవారు. నికోలాస్ పెద్ద చదువులు చదవలేదు. ఆ రోజుల్లో చదువంటే లాటిన్ భాష. లాటిన్ వస్తేనే గురువు కావచ్చు, న్యాయవాది కావచ్చు, వైద్యుడు కావచ్చు. ఆ తలుపు ఈయనకు తెరుచుకోలేదు.

ఆయన జీవితంలో మొదటి మలుపు పద్దెనిమిదేళ్ళ వయసులో వచ్చింది. అది చలికాలం. దారిలో ఒక చెట్టు కనిపించింది. ఆకు ఒక్కటి కూడా లేదు, ఎండిన కట్టెలాగా నిలబడి ఉంది. మన ప్రాంతంలో అన్ని చెట్లూ ఒకేసారి మోడువారిపోవడం మనం చూడం గానీ, ఐరోపా చలిలో చెట్లన్నీ అలాగే చచ్చినట్టు కనిపిస్తాయి. ఆ మోడును చూస్తూ కుర్రవాడు ఒక్క విషయం ఆలోచించాడు. ఇంకొన్నాళ్ళలో దీనికి ఆకులు వస్తాయి, తరువాత పూలు, ఆ తరువాత కాయలు. ఆ చెట్టు తన కోసం తాను ఏమీ చేసుకోలేదు. ఎవరో దాన్ని కనిపెట్టుకుని ఉన్నారు. ఇంతే ఆలోచన. కానీ దేవుని శక్తి మీద, ఆయన కాపుదల మీద ఒక గట్టి నమ్మకం ఆ రోజు ఆయన మనసులో నాటుకుంది. నలభై ఏళ్ళ తరువాత కూడా తన ప్రేమ ఆ రోజుకంటే పెరిగిందో లేదో చెప్పలేనని ఆయన అన్నట్టు దాఖలా ఉంది. ఎవరూ ప్రసంగం చేయలేదు, గుడి లేదు, పాట లేదు. ఒక మోడు చెట్టు మాత్రమే ఉంది.

అయితే ఆ రోజే ఆయన సాధువైపోయాడని అనుకోకండి. భక్తుల కథలు రాసేవారు చాలామంది ఇక్కడే తొందరపడతారు. ఆ కాలంలో ఐరోపాలో ముప్పై ఏళ్ళ యుద్ధం జరుగుతోంది. 1618లో మొదలై 1648 దాకా సాగిన ఆ యుద్ధంలో లొరేన్ నలిగిపోయింది. ఫ్రెంచివారు, జర్మన్లు, స్వీడన్ వారు, ఎవరి సైన్యం వచ్చినా పంటలు దోచింది, ఇళ్ళు తగలబెట్టింది. వెనకే ప్లేగు వచ్చింది, కరువు వచ్చింది. ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ అయ్యాయి. అటువంటి రోజుల్లో పల్లెటూరి పేద యువకునికి సైన్యంలో చేరితే కనీసం తిండి దొరుకుతుంది. నికోలాస్ కూడా లొరేన్ సైన్యంలో సిపాయి అయ్యాడు.

యుద్ధంలో రెండు గండాలు ఆయనకు ఎదురయ్యాయి. మొదటిసారి జర్మన్ సైనికులు ఆయనను పట్టుకుని గూఢచారి అనుకున్నారు. ఉరి తీస్తామని బెదిరించారు. తాను అలాంటివాడిని కానని, చావంటే తనకు అంత భయమూ లేదని ఆయన నిబ్బరంగా చెప్పేసరికి వదిలిపెట్టారు. రెండోసారి అంత సులువుగా పోలేదు. 1635లో రాంబెర్విలే అనే పట్టణం మీద స్వీడన్ సైన్యం దాడి చేసినప్పుడు ఆయన కాలికి గాయమైంది. ఆ గాయంతో ఇంటికి తిరిగి వచ్చాడు. ఆ కాలు ఆయనను బతికినంతకాలం బాధపెట్టింది. సిపాయిగా తాను గడిపిన రోజులను తలచుకుని ఆయన తరువాత చాలా పశ్చాత్తాపపడేవాడు.

ఇంటికి చేరాక ఇక దేవుని కోసమే బతకాలని నిర్ణయించుకున్నాడు. అయితే ఎలా బతకాలో తెలియలేదు. లోకాన్ని విడిచి ఏకాంతంగా ఉండాలనుకున్న ఒక పెద్దమనిషితో కలిసి కొంతకాలం సన్యాసిలాగా ఉన్నాడు. అది సరిపడలేదు. ఒక రోజు సంతోషం, ఒక రోజు దుఃఖం, ఒక రోజు ఉత్సాహం, మరో రోజు నీరసం. కట్టుబాటు లేని ఏకాంతం తనవంటివాడికి పనికిరాదని గ్రహించి బయటికి వచ్చేశాడు. తరువాత పారిస్ నగరానికి వెళ్ళి ఫియుబే అనే రాజకోశాధికారి ఇంట్లో నౌకరుగా చేరాడు. ఆ ఉద్యోగంలో కూడా ఆయనకు మంచి పేరు రాలేదు. మోటు మనిషి, చేతిలో ఏది పెట్టినా పగలగొట్టేవాడినని తరువాత తానే చెప్పుకున్నాడు.

సిపాయిగా కుదరలేదు, సన్యాసిగా కుదరలేదు, నౌకరుగానూ కుదరలేదు. అప్పటికి ఇరవై ఆరేళ్ళు. ఈ రోజుల్లో అయితే చుట్టాలు ఏమంటారో మీకు తెలుసు.

1640లో ఆయన పారిస్ లోని వోజిరార్ వీధిలో ఉన్న కార్మెల్ సభ మఠంలో చేరాడు. ఆ సభను స్పెయిన్ దేశానికి చెందిన అవిలా తెరెసమ్మ పదహారవ శతాబ్దంలో సంస్కరించింది. కఠినమైన నియమాలు. బూట్లు వేసుకోకూడదు, సాదా చెప్పులు మాత్రమే. జబ్బు చేసినవారికి తప్ప మాంసం లేదు. ఎక్కువ సమయం మౌనం. ఆ మఠంలో మనుషులు రెండు రకాలు. లాటిన్ చదివి గురువులయ్యేవారు ఒక రకం. వీరు గుడిలో కీర్తనలు పాడతారు, పూజ చేస్తారు, పుస్తకాలు రాస్తారు. రెండో రకం వారిని సహోదరులు అంటారు. వంట, బట్టలు, తోట, తలుపు కావలి వీరి పని. వీరు ఎన్నాళ్ళున్నా గురువులు కాలేరు. నికోలాస్ ఈ రెండో రకంలో చేరాడు. పునరుత్థాన లారెన్స్ అనే కొత్త పేరు పెట్టారు. 1642 ఆగస్టులో శాశ్వత వ్రతం తీసుకున్నాడు.

తన మోటుతనానికి, తన పాత పాపాలకు మఠంలో చర్మం ఒలిచినంత శిక్ష పడుతుందని, ఆ విధంగా బతుకునూ దాని సుఖాలనూ దేవునికి అర్పించవచ్చునని ఆయన లెక్క వేసుకుని వచ్చాడు. తీరా వచ్చాక తృప్తి తప్ప ఏమీ దొరకలేదని, దేవుడు తనను మోసం చేశాడని తరువాతి కాలంలో నవ్వుతూ చెప్పేవాడు. ఆ మాట వినడానికి బాగానే ఉంటుంది. కానీ ఆ తృప్తి మొదటి రోజునే దొరకలేదు. నా ఉద్దేశంలో ఆయన జీవితంలో అసలు కథ ఇక్కడే ఉంది.

మొదటి పదేళ్ళు ఆయన చాలా వేదన అనుభవించాడు. అందులో నాలుగేళ్ళు తాను నరకానికి పోవడం ఖాయమని నమ్మాడు. లోకంలో ఉన్న మనుషులందరూ వచ్చి కాదని చెప్పినా ఆ నమ్మకం పోయేది కాదట. ఆలోచించి చూడండి. ఇల్లు వదిలి, పెళ్ళి మానుకుని, ఆస్తి లేకుండా, దేవుని కోసం వచ్చిన మనిషి. ఆ దేవుడే తనను వద్దనుకున్నాడని అనుకుంటూ రోజూ తెల్లవారుజామున లేచి పొయ్యి అంటించాలి. పక్కనున్న గురువులు చదువుకున్నవారు, వారి ప్రార్థనలు ఫలిస్తున్నట్టు కనిపిస్తాయి. ఈయనకు ధ్యానం కుదరదు. మనసు నిలవదు. పుస్తకాల్లో రకరకాల ధ్యాన పద్ధతులు చదివాడు. అవి సాయం చేయకపోగా మరింత గందరగోళం చేశాయి.

ఆ స్థితిలో ఆయన చేసిన నిర్ణయం చాలా చిన్నది. నేను ఈ మఠానికి దేవుని మీద ప్రేమతో వచ్చాను, రక్షణ దొరికినా దొరకకపోయినా, చచ్చేదాకా ఆయనను ప్రేమిస్తూ పని చేయడం మాత్రం నా చేతిలో ఉంది, అది చేస్తాను అనుకున్నాడు. ఫలితం ఏమవుతుందనే లెక్క అక్కడితో మానేశాడు. స్వర్గం అనే బహుమానం మీద కూడా ఆశ వదులుకుని ప్రేమించడం అంటే మాటలు కాదు. పరీక్ష పాసవుతామో లేదో తెలియకుండా, పాసు కామనే అనుకుంటూ కూడా, పాఠం మీద ఇష్టంతో రోజూ చదివేవాడు మనలో ఎంతమంది ఉన్నారు? ఇక ఇలాగే ముగిసిపోతుంది అనుకుని సిద్ధపడిన సమయంలో, ఉన్నట్టుండి ఆ బాధ తొలగిపోయిందని, మనసుకు లోతైన శాంతి దొరికిందని ఆయన చెప్పాడు. ఎందుకు తొలగిందో ఆయన వివరించలేదు.

ఇప్పుడు వంటగది సంగతి చెప్పాలి. వందమంది దాకా ఉన్న మఠం. గ్యాసు లేదు, మిక్సీ లేదు. కట్టెల పొయ్యి, పెద్ద పెద్ద కాగులు, పొగ. మాంసం లేదు కాబట్టి గుడ్లు, చేపలు, కూరగాయలు, రొట్టె. మన హాస్టల్లో వంటమనిషి, కామాటి ఎంత ముందు లేస్తారో, సాంబారు దించే వేళకు వారి ముఖాలు ఎలా ఉంటాయో మనం రోజూ చూస్తూనే ఉంటాం. ఆయన పరిస్థితి కూడా అంతే. పైగా ఆయనకు వంటపని అంటే సహజంగానే ఇష్టం లేదు. ఈ విషయం చాలామంది మరచిపోతారు. ఇష్టమైన పని చేస్తూ దేవుణ్ణి తలచుకున్నాడని అనుకుంటారు. ఆయనకు నచ్చని పనే పదిహేనేళ్ళు చేశాడు.

ఆయన పద్ధతి ఇది. పని మొదలుపెట్టే ముందు, ఇప్పుడు నీ ఆజ్ఞ ప్రకారం ఈ పని మీద మనసు పెట్టాలి, నీవు నాతో ఉండు అని దేవుణ్ణి అడిగేవాడు. పని చేస్తూ ఉన్నంతసేపు, పక్కనున్న స్నేహితునితో మాట్లాడినట్టు లోలోపల ఆయనతో మాట్లాడేవాడు. దానికి నేర్చుకున్న మాటలు అక్కరలేదు, పొడుగు ప్రార్థనలు అక్కరలేదు. పని అయ్యాక ఎలా చేశానని చూసుకునేవాడు. బాగా జరిగితే కృతజ్ఞత చెప్పేవాడు. తప్పు జరిగితే క్షమాపణ అడిగి, దాని గురించి కుమిలిపోకుండా మళ్ళీ మొదలుపెట్టేవాడు. పెనం మీద గుడ్డు అట్టు తిరగేయడం కూడా దేవుని మీద ప్రేమతోనే చేసేవాడు. అట్టు అయిపోయి చేతిలో ఇంకో పని లేకపోతే అక్కడే నేల మీద సాగిలపడి దేవునికి మొక్కి, లేచి, రాజు కంటే సంతోషంగా ఉండేవాడు. నేల మీద పడి ఉన్న గడ్డిపోచను తీయడం కూడా ఆయన లెక్కలో దేవునికి చేసే సేవే.

మొదట్లో ఇది తేలికగా రాలేదు. గంటలో పదిసార్లు మరచిపోయేవాడు. మరచిపోయానని గుర్తొచ్చినప్పుడు తనను తాను తిట్టుకుంటూ కూర్చోకుండా తిరిగి దేవునివైపు మళ్ళేవాడు. ఏళ్ళు గడిచేకొద్దీ అది అలవాటుగా మారింది. చివరికి మఠంలో ప్రార్థన గంట కొట్టినప్పుడు గుడిలో మోకరించిన సమయానికీ, వంటగదిలో ఇద్దరు ముగ్గురు ఒకేసారి పిలుస్తూ గోల చేస్తున్న సమయానికీ ఆయనకు తేడా లేకుండా పోయింది. కేటాయించిన ప్రార్థన వేళలను ఆయన మానలేదు, పెద్దలు వెళ్ళమన్నప్పుడు వెళ్ళేవాడు. కానీ దేవుణ్ణి కలవడానికి ఆ వేళ కోసం ఎదురుచూడవలసిన అవసరం ఆయనకు లేకపోయింది.

లూకా సువార్త పదవ అధ్యాయంలో మార్త, మరియ అనే అక్కాచెల్లెళ్ళ సంగతి ఉంది. యేసు ఇంటికి వస్తే మార్త వంటపనుల్లో తలమునకలై విసుక్కుంటుంది. మరియ ఆయన పాదాల దగ్గర కూర్చుని వింటుంది. యేసు మరియను మెచ్చుకుంటాడు. ప్రసంగాల్లో ఈ కథ చెప్పినప్పుడల్లా వంటగది ఒక వైపు, భక్తి మరో వైపు పెట్టి చెబుతారు. వినే స్త్రీలకు, మరి అన్నం ఎవరు వండాలి అనే సందేహం రాక మానదు. లారెన్స్ జీవితం ఆ సందేహానికి జవాబులాగా కనిపిస్తుంది. ఆయన మార్త ఉన్నచోటే నిలబడి మరియ చేసిన పని చేశాడు. ఆ కథలో తప్పు పట్టింది వంటను కాదు, అనేక పనుల గురించి పడే ఆందోళనను. ఇది నాకు ఈయన జీవితం చదివాకే స్పష్టమైంది. అవిలా తెరెసమ్మ కూడా తన మఠాల్లోని స్త్రీలకు, వంటపాత్రల మధ్య కూడా ప్రభువు ఉంటాడని నేర్పింది. లారెన్స్ ఆమె సభకు సరైన శిష్యుడే.

ఇక్కడ ఒక అపార్థానికి తావుంది. దేవునితో దగ్గరగా ఉంటే చాలు, పని ఎలా చేసినా ఫరవాలేదు అని కొందరు ఈయన పేరు చెప్పి అంటారు. వందమందికి వేళకు భోజనం పెట్టవలసిన మనిషికి ఆ వెసులుబాటు ఎక్కడిది? ఆయన తొందర లేకుండా, ఒకదాని తరువాత ఒకటిగా, జాగ్రత్తగా పని చేసేవాడు. కాకపోతే ఆ పనితో తన విలువను కొలుచుకోలేదు. పని గొప్పదా చిన్నదా అని దేవుడు చూడడని, దానిలో ఉన్న ప్రేమను చూస్తాడని ఆయన నమ్మకం. పనులు మార్చుకోవడం అవసరం లేదని, మామూలుగా మన కోసం చేసుకునే పనులనే దేవుని కోసం చేస్తే చాలునని చెప్పేవాడు.

ఆయనకు అసలు చేతకాని పని కూడా ఒకటి మీద పడింది. మఠానికి కావలసిన ద్రాక్షారసం కొనుక్కురమ్మని 1665లో ఓవెర్న్ ప్రాంతానికి, మరుసటి ఏడు బర్గండీకి పంపారు. బేరం చేయడం రాదు. కాలు సరిగా పనిచేయదు. సరుకు పడవలో పీపాల మీద దొర్లుకుంటూ తప్ప ఇటునుంచి అటు కదలలేని స్థితి. అయినా దిగులుపడకుండా, ఇది నీ పని, నీవే చూసుకో అని దేవునికి అప్పగించి బయలుదేరాడు. ఎలా జరిగిందో తెలియదు గానీ పని బాగానే జరిగిందని తరువాత చెప్పాడు. ఆ పీపాల మీద దొర్లే మనిషిని ఊహించుకుంటే నాకు నవ్వూ వస్తుంది, జాలీ వేస్తుంది.

కాలి మీద పుండు పడి నిలబడడం కష్టమైనప్పుడు ఆయనను వంటగది నుంచి తప్పించి చెప్పులు కుట్టే పని ఇచ్చారు. మఠంలో అందరికీ చెప్పులు ఆయనే కుట్టేవాడు, బాగుచేసేవాడు. చేతనైనప్పుడు వంటగదికి వెళ్ళి సాయం చేసేవాడు. చెప్పులు కుట్టే పనిని మన దేశంలో ఎవరి మీద పెట్టారో, ఆ చేతులను ఊరు ఎంత దూరంలో ఉంచిందో ఈ సంచిక చదివేవారికి నేను విడమరచి చెప్పనక్కరలేదు. పారిస్ లో అది పుట్టుకతో అంటే పని కాదు. ఆ పని చేసినవాడిని ఎవరూ ముట్టుకోకుండా ఉండలేదు. అలాగని గౌరవమైన పనీ కాదు. గురువులు గుడిలో పాడుతుంటే సహోదరుడు కింద కూర్చుని తోలు కుట్టేవాడు. ఆ ఏర్పాటు న్యాయమైనదని నేను అనను. కానీ దేవుని దగ్గరికి వెళ్ళే దారిలో తాను వెనక వరసలో ఉన్నానని లారెన్స్ మాత్రం ఒక్క రోజు కూడా అనుకున్నట్టు కనిపించదు.

విచిత్రమేమిటంటే పై వరసలోని వారే ఆయన దగ్గరికి రావడం మొదలుపెట్టారు. 1666 ఆగస్టు 3న జోసెఫ్ ద బోఫోర్ అనే గురువు ఆయనను కలుసుకున్నాడు. తరువాతి రోజుల్లో పారిస్ అగ్రపీఠాధిపతి అయిన నొవాయ్ దగ్గర ముఖ్య అధికారిగా పనిచేసిన మనిషి ఈయన. దేవుని కోసమైతే ఎన్నిసార్లయినా రావచ్చు, మరో ఉద్దేశంతో అయితే రావద్దు అని లారెన్స్ మొహమాటం లేకుండా చెప్పాడు. బోఫోర్ వచ్చాడు. 1667 నవంబరు వరకు జరిగిన నాలుగు సంభాషణలను ఆయన రాసిపెట్టుకున్నాడు. ఆ కాగితాలే లేకపోతే మనకు ఈ చెట్టు కథా తెలిసేది కాదు, అట్టు కథా తెలిసేది కాదు.

కొందరు కన్యాస్త్రీలు, ఇంటి బాధ్యతలున్న ఒక స్త్రీ, ఒక గురువు ఉత్తరాలు రాసి ఆయన సలహా అడిగేవారు. ఆయన జవాబులు పదహారు దొరికాయి. ఒక ఉత్తరంలో, దీన్ని ఎవరికీ చూపించవద్దనే షరతు మీదనే రాస్తున్నానని పెట్టాడు. ఆ ఉత్తరాన్నే ఇప్పుడు లోకమంతా చదువుతోంది! ప్రార్థనలో మనసు పరుగులు తీస్తుంటే ఏం చేయాలని అడిగినవారికి, ధనవంతుని గుమ్మం ముందు కూర్చున్న మూగవాడైన బిచ్చగాడిలాగా దేవుని ముందు కూర్చోమని, మనసు పోతే నెమ్మదిగా వెనక్కి తెచ్చుకోమని రాశాడు. త్వరగా పరిశుద్ధులైపోవాలని తొందరపడేవారిని కాస్త ఆగమన్నాడు. ఆ ఉత్తరాల్లో పెద్ద పాండిత్యం లేదు. చెప్పిన మాటే మళ్ళీ మళ్ళీ చెబుతాడు. ఒకేసారి చదివితే విసుగు పుట్టవచ్చు కూడా. రోజుకొకటి చదవవలసిన ఉత్తరాలవి.

ఆ కాలం ఎలాంటిదో కూడా చూడాలి. ఫ్రాన్సును ఏలుతున్నది పద్నాలుగవ లూయీ. పారిస్ కు కొద్ది దూరంలో వెర్సాయ్ లో బ్రహ్మాండమైన రాజప్రాసాదం కట్టి 1682లో కొలువును అక్కడికి మార్చాడు. యుద్ధాలు, విజయాలు, శిలావిగ్రహాలు, పొగడ్తల కావ్యాలు. దేశంలో ప్రతివాడూ రాజు కంట్లో పడాలని పరుగెత్తుతున్న రోజులు. అటువంటి సమయంలో ఆ రాజు మనవడికి చదువు చెప్పే ఫెనెలాన్ అనే గొప్ప పండితుడు, జబ్బుతో మంచం మీద ఉన్న ఈ చెప్పులు కుట్టే సహోదరుని చూడడానికి వచ్చాడు. అంత జబ్బులోనూ ఆయన ఎంత ఉల్లాసంగా ఉన్నాడో ఫెనెలాన్ తరువాత ఒక ఉత్తరంలో గుర్తుచేసుకున్నాడు.

చివరి రోజుల్లో ఊపిరితిత్తుల పొరకు వాపు వచ్చి ఒక పక్క తీవ్రమైన నొప్పి ఉండేది. 1691 ఫిబ్రవరి 6న, మంచం మీద నుంచే, ఒక ఉత్తరం రాశాడు. కొద్ది రోజుల్లో దేవుణ్ణి చూస్తాననే ఆశ అందులో ఉంది. ఏం చేస్తున్నావని మఠంలోనివారు అడిగితే, ఇకముందు ఎప్పటికీ చేయబోయే పనే చేస్తున్నాను, దేవుణ్ణి స్తుతిస్తున్నాను, ఆరాధిస్తున్నాను, ప్రేమిస్తున్నాను అనే అర్థంలో జవాబిచ్చాడు. ఫిబ్రవరి 12న ప్రశాంతంగా కన్నుమూశాడు. అప్పటికి ఆయన వయసు దాదాపు డెబ్బై ఏడు.

మరుసటి సంవత్సరమే, 1692లో, బోఫోర్ ఆయన ఉత్తరాలను, రాతలను అచ్చు వేయించాడు. 1694లో సంభాషణలతో రెండో పుస్తకం తెచ్చాడు. అయితే సొంత దేశంలో ఆ పుస్తకాలకు ఎక్కువ కాలం ఆదరణ దక్కలేదు. మౌనంగా దేవునికి లోబడి ఉండడమే చాలుననే ఒక వాదం మీద ఫ్రాన్సు సంఘంలో పెద్ద గొడవ జరిగింది. ఆ గొడవలో ఫెనెలాన్ లారెన్స్ మాటలను తన పక్షాన వాడుకున్నాడు. 1699లో పోపు ఫెనెలాన్ పుస్తకాన్ని తప్పుపట్టాడు. దానితోపాటు వంటవాడైన లారెన్స్ మీద కూడా అనుమానపు నీడ పడింది. కతోలికుల మధ్య ఆయన పేరు మరుగున పడిపోతున్న సమయంలో పియెర్ ప్వారే అనే ప్రొటెస్టెంటు రచయిత వాటిని మళ్ళీ అచ్చు వేశాడు. ఇంగ్లండులో మెథడిస్టు ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ తన క్రైస్తవ గ్రంథమాలలో వాటిని చేర్చాడు. ఒకరి గుడిలోకి ఒకరు అడుగుపెట్టని ఆ రోజుల్లో ఒక కతోలిక మఠపు వంటవాడి మాటలను ప్రొటెస్టెంటులు కాపాడడం చరిత్రలో అరుదైన సంగతి. దేవుని సన్నిధిని అభ్యసించడం అనే పేరుతో ఇంగ్లీషులో ఆ చిన్న పుస్తకం ఎన్నిసార్లు అచ్చయిందో లెక్కలేదు.

ఆయన ఉన్న మఠం కూడా చాలా చూసింది. ఫ్రెంచి విప్లవం కాలంలో దాన్ని జైలుగా మార్చారు. 1792 సెప్టెంబరు 2న అక్కడ బంధించి ఉన్న గురువులను వందమందికి పైగా చంపేశారు. తరువాత 1875లో అక్కడ కతోలిక విశ్వవిద్యాలయం ఏర్పడింది. లారెన్స్ నడిచిన కాలంనాటి సెయింట్ జోసెఫ్ గుడి ఇప్పటికీ ఆ ఆవరణలోనే ఉంది. లాటిన్ రాక చదువుల గుమ్మం బయటే ఉండిపోయిన ఆ సహోదరుడు పొయ్యి అంటించిన చోట ఇప్పుడు వేలమంది విద్యార్థులు చదువుకుంటున్నారు.